ఇనుము కింద గంత

అన్నయ్యా,

బాగున్నావా అని అడగను. నీకేం, బాగానే ఉంటావు. సుత్తి నీ చేతిలో ఉంది, రేకు నీ దాగలి మీద ఉంది, గోడకు అవతల కూర్చున్న మనిషితో ఒక్క మాట మాట్లాడాల్సిన అవసరం లేదు. బాగా లేనిది చుక్కమ్మ. ఫోన్ చేసి చెప్పొచ్చు, కానీ నేను గొంతు పెంచగానే "సరిగ్గా వినపడటం లేదే" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే అవతల పారేయడానికైనా ఒకసారి విప్పాలి కదా.

చుక్కమ్మ నీకు తెలియనిది కాదు. నుదుటి మీద తెల్ల చుక్కున్న ఆడగుర్రం. నువ్వు కొలతలు తీసుకుంటుంటే నీ జేబులో మూతి పెట్టి క్యారెట్ ముక్క వెతికింది. "ఇంత బుద్ధిమంతురాలైన గుర్రాన్ని నేను చూడలేదు" అన్నావు. ఆ బుద్ధిమంతురాలు ఇప్పుడు మూపు మీద, రెండు భుజాల మీద చర్మం ఊడి, మందు పూయడానికి నేను దగ్గరికి వెళ్తే గోడకేసి అతుక్కుంటోంది. ఎన్నో తిక్క గుర్రాలను దారికి తెచ్చినదాన్ని, నన్ను చూసి ఒక గుర్రం భయపడటం ఇదే మొదటిసారి. దానికి కారణం నువ్వు. ఆగు, సంబరపడటానికి నాన్నకు కూడా అవకాశం ఇవ్వను. ఆయన కూడా కారణమే.

వరసగా చెబుతాను విను. పాతకాలపు యుద్ధవీరుల ఆటలని మా గుర్రాల కంపెనీ కొత్త ప్రదర్శన పెడుతోందని, గుర్రానికి నిజమైన ఇనప తొడుగు కావాలని మా ఓనరు అంటే, మా అన్నయ్యను మించినవాడు లేడని చెప్పింది నేను. ఇనుము కింద వేసే మెత్తటి గంతకు మా నాన్నను మించినవాళ్లు లేరని చెప్పిందీ నేనే. ఇద్దరి చేతా ఒకే పని చేయిస్తే ఆ గోడకు కన్నమైనా పడుతుందని ఆశపడ్డాను. నాకు బుద్ధి లేదు. ఒకే షెడ్డుకు అడ్డంగా గోడ కట్టుకుని ఇటు ఒకరు అటు ఒకరు కూర్చున్న మనుషులు మీరు. ఒకే షెడ్డు నుంచి బయల్దేరిన సరుకు రెండు లారీల్లో వచ్చింది. ఒకదాంట్లో నీ ఇనుము, ఇంకోదాంట్లో నాన్న గంత.

ముందు గంత వేసి చూశాం. గుర్రం దాంతోనే పుట్టిందా అన్నట్టు అమరింది. అది తీసేసి నీ పలకలు వేసి చూశాం. అవీ అంతే, వంక పెట్టడానికి లేదు. రెండూ కలిపి వేస్తే పట్టీలు కలవలేదు. రొమ్ము పలకకూ పక్క పలకకూ మధ్య నా చెయ్యి దూరేంత సందు. ఎందుకు కలుస్తాయి? నువ్వు గుర్రాన్ని కొలిచావు. ఆయనా గుర్రాన్నే కొలిచారు. గంత వేశాక గుర్రం ఎంతుంటుందో నువ్వు అడగలేదు, పైన ఎంత ఇనుము పడుతుందో ఆయన అడగలేదు. ఇద్దరు పనిమంతులు చేసిన రెండు మంచి వస్తువులు, కలిస్తే ఎందుకూ పనికిరానివి. లోకంలో ఇంకెవరైనా ఇలాంటి పొరపాటు చేస్తారా? పని రానివాళ్లు కూడా చేయరు. వాళ్లకు అనుమానం ఉంటుంది కాబట్టి పక్కవాణ్ణి అడుగుతారు.

ఇంతలో మా ఓనరుకు ఒక కోరిక పుట్టింది. "గుర్రం తొడుగుకు ఇంగ్లీషులో ఏదో దర్జా పేరుంటుందటగా, దాని అర్థం, పుట్టుపూర్వోత్తరాలు రాసుకురా, మైకులో చదివి అదరగొడతా" అని నన్ను లైబ్రరీకి పంపించాడు. అక్కడున్న వాటిలో అన్నిటికన్నా లావు నిఘంటువు తీయించుకుని కూర్చున్నాను. ఆ మాట బార్డింగ్. ఒట్టి బార్డ్ అని కూడా అంటారు. కవి అనే అర్థం వచ్చే బార్డ్ ఇంకొకటి ఉంది, దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదట. మనది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచికి స్పెయిన్ వైపు నుంచో ఇటలీ వైపు నుంచో వచ్చింది, అక్కడ బార్దా అంటారు. వాళ్లకు అరబ్బీ నుంచి వచ్చింది, అరబ్బీలో బర్దఅ. ఆ బర్దఅ అంటే ఏమిటో తెలుసా? కవచం కాదు. పలక కాదు. బరువు మోసే జంతువు వీపు మీద, జీను కింద వేసే కూరిన మెత్త. గంత, అన్నయ్యా. నాన్న కుట్టే గంత. నేను అదే వరసను మళ్లీ మళ్లీ చదివాను. నీ ఇనుముకు సొంత పేరు కూడా లేదు. గంత పేరును తొడుక్కుని తిరుగుతోంది.

నవ్వుకుంటూ తిరిగొచ్చాను. నీకు చెప్పి ఏడిపిద్దామనుకున్నాను. వచ్చేసరికి నా నవ్వు దొడ్డి గేటు దగ్గరే ఆగిపోయింది. నేను అక్కడ ఆ మాటకు అసలు అర్థం మెత్త అని చదువుకుంటున్న సమయంలోనే, ఇక్కడ మెత్త తీసేసి, ఒక పల్చటి దుప్పటి పరిచి, దాని మీద నీ ఇనుము బిగించి, చుక్కమ్మను రిహార్సల్ అని చుట్లు కొట్టించారు. అడిగితే మా ఓనరు, "ఇనుము కనపడాలి గానీ పరుపు ఎవడు చూస్తాడమ్మా" అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? ఇప్పుడు ఇంకో మాట కూడా అంటున్నాడు. ప్రదర్శన మొదలయ్యేనాటికి దీన్ని ఇలా దాచిపెట్టుకోవాల్సి వస్తే అమ్మేస్తాడట. ఒళ్లంతా మచ్చలు పడ్డ గుర్రాన్ని ఎలాంటివాళ్లు కొంటారో, ఎందుకు కొంటారో నీకు నేను చెప్పక్కర్లేదు.

నాన్న నీతో మాట్లాడతానన్నారని నేను చెప్పలేదా? చెప్పాను. "గంత మందం గురించి నాన్న ఒకసారి కూర్చుని మాట్లాడదామంటున్నారు" అన్నాను. అసలు ఆయన నాతో అన్నది ఇది: "ఆ ఇనప బుర్ర వెధవకు చెప్పు. చర్మం మీద రేకు పెడితే అది గుర్రం కాదు, మూకుట్లో మాంసం." నేను దాన్ని కడిగి, తుడిచి, మడతపెట్టి నీకు అందించాను. అమ్మ విసిగిపోయి పిన్ని దగ్గరికి వెళ్లిపోయిన దగ్గర్నుంచి నేను చేస్తున్న పని ఇదే. ఇటు తిట్టు పుచ్చుకోవడం, అటు మర్యాదగా ఇవ్వడం. వదలమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. నువ్వే కదా నాకు పోస్టమ్మ అని పేరు పెట్టి నవ్వావు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందంటారు. నేను మెత్తగా ఉన్నందుకు మీరిద్దరూ మూడు కాళ్ల మీద నడిచారు. దెబ్బ మాత్రం నాలుగు కాళ్లున్న ఆ నోరు లేని జీవికి తగిలింది.

ఇంకో సంగతి. తిట్లు మోయమన్నారు గానీ మెచ్చుకోళ్లు మోయనివ్వలేదు మీరు. నువ్వు మొదట చేసి నాకిచ్చిన ముఖతొడుగు నమూనా నా గదిలో గోడకు ఉంది. నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు దాన్ని కిందికి దింపించుకుని, కళ్ల చుట్టూ ఉన్న అంచు మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పారు. "అంచులు ఎంత బాగా మడిచాడే. ఎక్కడా గీసుకోదు. జంతువు మీద ప్రేమ లేనివాడు ఇలా మడవలేడు" అన్నారు. ఆ వెంటనే, "వాడికి చెప్పావంటే ఊరుకోను" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెప్పాను. ఊరుకోకపోతే మానె, నాకూ ఊరుకోవాలని లేదు.

ఇక నీ మాట ఆయనకూ, ఆయన మాట నీకూ నేను మోయను. కావాలంటే గోడ దాటు.

ఇకమీదట పోస్టమ్మ కాని
నీ చెల్లెలు


నాన్నగారికి,

నమస్కారం. మీ మోకాళ్ల నొప్పి సంగతి అడుగుదామనుకున్నాను, కానీ కోపంలో ఉన్నాను. తగ్గాక అడుగుతాను.

మీరు కుట్టిన గంత నా మంచం మీద పడి ఉంది. చుక్కమ్మ వీపున ఉండాల్సింది. దొడ్లో పెడితే ఎవరో కుర్చీ మీద పరుచుకున్నారు, అందుకని గదికి తెచ్చుకున్నాను. అన్నయ్య ఇనుము దాని మీద పట్టలేదు. పట్టలేదు కాబట్టి మా ఓనరు గంత తీసేయించాడు. తీసేయించాడు కాబట్టి గుర్రం ఒళ్లు పుండయింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, మానేదాకా దీని మీద ఈగ కూడా వాలకూడదన్నాడు. మా ఓనరేమో ప్రదర్శన నాటికి లేవకపోతే అమ్మేస్తానంటున్నాడు. ఇది చదవగానే మీరు ఏమంటారో నాకు తెలుసు. "నేను ముందే చెప్పానా లేదా?" అంటారు.

ఎవరికి చెప్పారు నాన్నా? నాకు చెప్పారు. నేను ఇనుము కొడతానా? చెప్పాల్సినవాడు గోడకు అవతల ఉన్నాడు. మీరు దగ్గితే వాడికి వినపడుతుంది. మీరు రేడియో పెడితే వాడు అవతలి నుంచి కూనిరాగం తీస్తాడు. అంత దగ్గరున్నవాడికి చెప్పాల్సిన మాటను ఇంకో ఊళ్లో గుర్రాల మధ్య బతుకుతున్న నాకు చెప్పి, మీ బాధ్యత తీరిపోయిందని దబ్బనం చేతిలోకి తీసుకున్నారు.

సరే, వాడేమన్నాడో కూడా మీకు ఇంతవరకు సరిగ్గా తెలియదు. "అన్నయ్య తీరిక చూసుకుని వస్తాడట" అని మీకు చెప్పాను చూశారా, అది నేను అల్లింది. వాడన్నది, "ఇనుము కొట్టడానికి కూడా గడ్డి కుక్కేవాళ్ల అనుమతి కావాలా?" అని. చూశారా, ఎంత బాగా మాట్లాడతాడో మీ కొడుకు. మీ పోలికే. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి మన ఇంట్లో ఒకరే ఉంటే సర్దుకోవచ్చు. ఇద్దరున్నారు, పైగా ఇద్దరూ పట్టుకున్నది ఒకే కుందేలును.

మా ఓనరు మైకులో చదవడానికి గుర్రపు కవచానికి ఇంగ్లీషు మాట ఏమిటో, ఎక్కడ పుట్టిందో కనుక్కోమంటే కనుక్కున్నాను. బార్డింగ్ అంటారు. దాని వేరు వెతుక్కుంటూ వెళ్తే అరబ్బీలో జీను కింద వేసే కూరిన మెత్త దగ్గరికి చేరింది. అంటే మీ గంత. అన్నయ్యకు రాసిన ఉత్తరంలో ఈ విషయం వాడి మొహాన కొట్టినట్టు రాశాను. మీకూ చెబుతున్నాను గానీ, దీంతో మీరు మీసం దువ్వుకోవద్దు. ఎందుకంటే ఆ కథలో మీకు తగలాల్సిన దెబ్బ కూడా ఉంది.

ఆ మాట మెత్త దగ్గరే కూర్చోలేదు నాన్నా. అరబ్బీ ఇంటి నుంచి లేచింది, బార్దా అని ఒక భాషలో తలదాచుకుంది, అక్కడి నుంచి ఫ్రెంచివాళ్ల దగ్గరికి పోయింది, చివరికి ఇంగ్లీషువాళ్ల దగ్గర తేలింది. దారిలో దాని మీద ఇనుము ఎక్కింది. "నేను మెత్తను, నా మీద ఇనుమేమిటి" అని అది అలిగి ముడుచుకోలేదు. వంటవాళ్లు కూడా దాన్ని వదల్లేదు. కొవ్వు లేని మాంసాన్ని కాల్చేటప్పుడు మాడిపోకుండా పైన కొవ్వు పొర కప్పి కడతారు చూశారా, దానికి కూడా ఇదే మాటట. మీరు తిట్టుగా అన్న మూకుట్లో మాంసం నిఘంటువులో ఉంది! ఒంటికీ నిప్పుకీ మధ్య ఒకటి, ఒంటికీ బరువుకీ మధ్య ఒకటి. ఎక్కడికి పోయినా దాని పని కాపాడటమే. ఒక చిన్న మాట ఇన్ని దేశాలు దాటి, ఇంతమంది చేతుల్లో పడి, ఇనుముతో కూడా కాపురం చేసింది. మీరు ఒక్క గోడ దాటలేకపోయారు.

మీరు వాడి మీద ఇంత కోపం ఎందుకు పెంచుకున్నారో నాకు తెలుసు. దారం వదిలి సుత్తి పట్టుకున్న రోజున మీ పనిని వాడు చిన్నచూపు చూశాడనుకున్నారు. నిజంగా చిన్నచూపు చూశాడా? ఈ గంత లారీలోంచి దించి విప్పిన రోజు వాడు ఇక్కడే ఉన్నాడు, తన పలకలు దింపించడానికి వచ్చి; వేసి చూడకముందే వెళ్లిపోయాడు. గంతను తిరగేసి లోపలి వైపు అరచెయ్యి పెట్టి రాశాడు. "చూశావా, లోపల ఒక్క ముడి లేదు. ఒంటికి తగిలే వైపు ముడి ఉండకూడదని నాకు చిన్నప్పుడే నేర్పారు. నా రివెట్లు కూడా లోపలి వైపు అందుకే అరగదీస్తాను. వేరే కమ్మర్లు నన్ను చూసి నవ్వుతారు, ఎవడు చూస్తాడ్రా లోపల అని" అన్నాడు. వెంటనే, "నాన్నకు చెప్పకు" అన్నాడు. మీ ఇద్దరికీ ఈ ఒక్క మాట మాత్రం ఒకేలా వచ్చు.

నాకు నలభై ఏళ్లు దాటాయి. నా మోకాలు కూడా నొప్పి పుడుతోంది. మీరిద్దరూ నన్ను ఎప్పుడూ "వాడేమన్నాడు?" అనీ "ఆయనేమన్నారు?" అనీ అడుగుతారు. నువ్వెలా ఉన్నావని ఎవరూ అడగరు. మధ్యలో వేసిన మెత్తను ఎవరు అడుగుతారు లెండి. ఇది బాధగా రాయడం లేదు, కోపంగానే రాస్తున్నాను. ఈ ఉత్తరంతో ఆ ఉద్యోగం మానేస్తున్నాను. చుక్కమ్మను కాపాడటం నా ఒక్కదాని వల్ల కాదు. మీ గంత, వాడి ఇనుము కలిసి రావాలి. ఎలా కలుస్తాయో మీ ఇష్టం. నన్ను మాత్రం చెప్పమనకండి.

మీ కూతురు


అమ్మా,

నీ మీద కూడా కోపంగానే ఉంది, కాబట్టి హాయిగా దిండుకు ఆనుకుని చదవకు.

నువ్వు పిన్ని దగ్గరికి వెళ్తూ వెళ్తూ నాతో ఏమన్నావు? "వాళ్లిద్దరినీ కాస్త చూసుకో" అన్నావు. అన్నం పెట్టమని అనుకున్నాను. ఆ "కాస్త"లో ఏముందో నువ్వు చెప్పలేదు. నువ్వు ఇన్నేళ్లు మోసిన మూట నా వీపు మీదికి మార్చి, చేతులు దులుపుకుని బస్సెక్కావు. గంతకు తగ్గ బొంత అని నాన్ననూ నిన్నూ చూసి అందరూ నవ్వేవాళ్లు. బొంత లేచి వెళ్లిపోతే గంత కింద ఎవరుండాలో నువ్వు ఒక్కసారైనా ఆలోచించావా? ఆలోచించే ఉంటావు. నేను ఉన్నానని తెలుసు కాబట్టే వెళ్లావు.

సరే, ఇప్పుడు విను. అన్నయ్యకు ఒక ఉత్తరం, నాన్నకు ఒక ఉత్తరం రాశాను. చుక్కమ్మ అనే మా గుర్రం వాళ్లిద్దరి పంతం వల్ల గాయపడిందనీ, వాళ్లు కలిసి పని చేయకపోతే దాన్ని అమ్మేస్తారనీ రాశాను. వాళ్లు ఒకరి గురించి ఒకరు అన్న తిట్లన్నీ పొట్టు తీయకుండా రాశాను. ఎవరికీ చెప్పొద్దని నాతో అన్న మెచ్చుకోళ్లు కూడా రాశాను. రాశాక రెండూ చదువుకుంటే నాకే అనుమానం వచ్చింది. నాన్న తన ఉత్తరం చదివి, కళ్లద్దాలు తీసి, దిండు కింద పెట్టి పడుకుంటారు. అన్నయ్య తనది చదివి కొలిమిలో వేస్తాడు. ఏమీ మారదు. అందుకని కవర్లు అంటించే ముందు ఉత్తరాలు మార్చేశాను. అన్నయ్యకు రాసింది నాన్న పేరున్న కవర్లో పెట్టాను. నాన్నకు రాసింది అన్నయ్య కవర్లో పెట్టాను. తెలిసే పెట్టాను, పొరపాటు కాదు.

తర్వాత జరిగింది వాళ్ల నోటి నుంచే విన్నాను. నాన్న కవర్ విప్పి "అన్నయ్యా" అని చూశారట. ఇది మనది కాదని మూసేయాలి కదా? మూయలేదు. మొత్తం చదివారు. వాణ్ణి నేను అంత బాగా తిట్టానని ఆయనకు ఎంత సంతోషం వేసిందంటే, గోడ పక్క సందులోంచి తిరిగి, ఎన్నేళ్లుగానో తొక్కని ఆ గుమ్మం తొక్కి, "ఇదిగో, నీ చెల్లెలు నిన్నేం రాసిందో చూసుకో" అందామని వెళ్లారట. అక్కడ అన్నయ్య ఇంకో కాగితం చేత్తో పట్టుకుని, చెప్పులేసుకుంటూ ఎదురొచ్చాడట, "మిమ్మల్నే పిలుద్దామనుకుంటున్నా" అంటూ. ఇద్దరూ ఒకరినొకరు దెప్పడానికే బయల్దేరారమ్మా. పశ్చాత్తాపం కాదు, పాడూ కాదు. అయినా గోడ దాటారు.

ఒకే లారీలో వచ్చారు. దిగుతూనే పోట్లాట. "కొలతలు తీసేముందు అడగాలని తెలియదూ?" అని నాన్న. "అడిగితే చెబుతారా మీరు?" అని అన్నయ్య. "ఇనప బుర్ర అన్నారట?" "గడ్డి కుక్కడం అన్నావట?" దొడ్లో గుర్రాలన్నీ చెవులు రిక్కించి చూశాయి. నేను గడ్డి వేస్తూ వింటున్నాను. అమ్మా, నిజం చెబుతున్నాను, నా జీవితంలో అంత కమ్మని పోట్లాట వినలేదు. ఒక్క తిట్టు కూడా నా మీదుగా పోలేదు.

ఆ గొంతు తగ్గింది చుక్కమ్మను చూశాకే. నాన్న దాని ముందు మోకాళ్ల నొప్పి మరిచిపోయి గొంతుక్కూర్చున్నారు. అన్నయ్య క్యారెట్ తెచ్చుకున్నాడు. అది వాడి దగ్గరికి రాలేదు. వాడు క్యారెట్‌ను నేల మీద పెట్టి దూరంగా జరిగాడు. తర్వాత చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

అప్పుడే మా ఓనరు వచ్చాడు. "ఇదంతా ఎందుకండీ, వేరే గుర్రానికి వేసేద్దాం, దీన్ని పంపించేస్తా" అన్నాడు. నాన్న లేచి, "ఏ గుర్రానికి? ఇది ఈ పిల్ల ఒంటికి కుట్టిన గంత. ఇంకోదానికి వేస్తే ముడతలు పడి, దాని వీపు కూడా ఇలాగే అవుతుంది" అన్నారు. అన్నయ్య, "ఇనుమూ అంతే. గుర్రాన్ని పంపిస్తే నా పలకలు కూడా తూకానికి పంపించేసుకోండి. గంత లేకుండా ఇకమీదట నా పలక ఏ జంతువు మీదా ఎక్కదు" అన్నాడు. మా ఓనరు ఒకరి మొహం చూసి ఒకరి మొహం చూశాడు. వాళ్లిద్దరూ ఒక మాట మీద ఉండటం నేను కూడా అదే మొదటిసారి చూడటం. పోస్టర్ల మీద తొడుగేసిన గుర్రం బొమ్మ వేయించుకున్నాడు కదా పాపం, దిగొచ్చాడు. చుక్కమ్మను అమ్మడు. ప్రదర్శన మొదట్లో తొడుగును గేటు దగ్గర చెక్కగుర్రానికి వేసి నిలబెడతాడు. పుండు పూర్తిగా మానాక, డాక్టరు సరేనన్నాకే చుక్కమ్మ బరిలోకి వస్తుంది. మైకులో చదవడానికి నేను రాసిచ్చిన కాగితంలో "జీను కింది మెత్త" అన్న చోట మాత్రం గొణిగాడు, జనం నవ్వుతారని. నవ్వితే నవ్వనివ్వమన్నాను.

ఇప్పుడు నా గదిలో నేల మీద గంత పరిచి ఉంది, దాని మీద పలకలు పరిచి ఉన్నాయి. మూపు దగ్గర మందం ఉంచి పట్టీల కింద పల్చన చేయాలని నాన్న, పక్క పలకలకు ముక్కలు జోడించి సందు పూడ్చాలని అన్నయ్య. సుత్తి చప్పుడు, దారం చప్పుడు ఒకే గదిలో. నాకు కాలు పెట్టే చోటు లేదు, గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను.

అసలు చెప్పాలనుకున్నది ఇదమ్మా. వాళ్లు ఉత్తరాలు మార్చుకున్నారు గానీ, ఇచ్చేముందు చెరొక ముక్క చింపేశారు. తిట్లు వదిలేసి, తాము అన్న మెచ్చుకోళ్లు చింపేశారు! ఇందాక అన్నయ్య తన ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ ఏం రాశావే? నాన్న చింపేశారు. ఏముందో చెప్పు" అన్నాడు. నాకు కంఠతా వచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ల అలవాటు, ఆపుకోవడం ఎంత కష్టమో నీకే తెలియాలి.

"నాన్ననే అడుగు" అన్నాను.

వాడు నా వంక కోపంగా చూసి, వెనక్కి తిరిగి, గంత అంచు దగ్గర నిలబడ్డాడు. "నాన్నా, ఇందులో ఏం చింపారు?"

నాన్న తల ఎత్తలేదు. దబ్బనం రెండుసార్లు లోపలికి పోయి బయటికి వచ్చింది. "అంచులు బాగా మడిచావని ఉంది" అన్నారు.

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను. ఆ దారం ఇటందుకో. మరి నాదెందుకు చింపావు నువ్వు?"

అన్నయ్య ఒక పలక తీసి, తిరగేసి, నాన్న చెయ్యి పట్టుకుని లోపలి వైపు రివెట్ల మీద పెట్టాడు. నాన్న వేళ్లు ఒక్కో రివెట్ మీదా ఆగుతూ, వెతుకుతూ వెళ్లాయి. ఎక్కడా ఏమీ తగల్లేదు. చివరి రివెట్ దాకా తడిమి, "ముడి లేదు" అన్నారు.

ఇంతకుముందే ఇద్దరూ విడివిడిగా వచ్చి నా చెవిలో ఒకే మాట చెప్పారు. "అమ్మ ఎప్పుడొస్తుందో కనుక్కోవే" అని. నేను కనుక్కోను. కాగితాలు, కవర్లు చెరొకటి ఇచ్చి, పిన్ని అడ్రసు గోడ మీద రాసి పెట్టాను. రాస్తారో లేదో వాళ్లిష్టం. వస్తావో రావో నీ ఇష్టం. వస్తే మాత్రం వాళ్లకే చెప్పు, నాకు కాదు.

నీ కూతురు

మర్చిపోయాను. కవర్ అంటించబోతుంటే నాన్న పలక మీంచి చెయ్యి తీయకుండానే, "నీ మోకాలు ఎలా ఉందే?" అని అడిగారు. బాగా లేదని చెప్పాను.